పాడేవాళ్లు రాకముందు: ‘ద పెట్ సౌండ్స్ సెషన్స్’ నాలుగు డిస్కుల పెట్టెపై సమీక్ష

వాద్యం మొదలై పట్టుమని పది సెకన్లు గడవకముందే కంట్రోల్ రూమ్ నుంచి ఒక కుర్ర గొంతు ఆపమంటుంది. గదినిండా ఉన్న వాద్యకారులు ఒక్కొక్కరుగా ఆగుతారు. ఆ కుర్రవాడు ఎవరి వాద్యంలో ఏ ముక్క తనకు కావలసినట్టు పలకలేదో చెబుతాడు, అవసరమైతే నోటితో పాడి వినిపిస్తాడు, తర్వాతి టేక్ సంఖ్య పలుకుతారు, మళ్లీ మొదలవుతుంది. 1966 తొలి నెలల్లో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో జరిగిన ఈ తతంగాన్ని మన ముందు పెట్టే సంకలనం ‘ద పెట్ సౌండ్స్ సెషన్స్’. బీచ్ బాయ్స్ అనే అమెరికన్ పాప్ బృందం పేరిట 1966 మే 16న విడుదలైన ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ ఎలా తయారైందో నాలుగు సీడీల్లో విప్పి చూపే ఈ పెట్టెను కాపిటల్ సంస్థ 1997 నవంబరులో తెచ్చింది. ఆల్బమ్‌కు ముప్పై ఏళ్లు నిండిన 1996లోనే రావలసింది గాని, ఆలస్యమై మరుసటి ఏడాది చివరికి వచ్చింది.

నాకు ఇది కొత్తగా దొరకలేదు. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు అక్కడి పాత రికార్డుల అంగడిలో చూసి, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. “మామయ్యా, ఇందులో పాటలు తక్కువ, మాటలు ఎక్కువ ఉన్నట్టున్నాయి, చూసుకో” అని ముందే హెచ్చరించాడు. వాడు చెప్పింది నిజమే. అసలు ఆల్బమ్ నిడివి నలభై నిమిషాలు కూడా లేదు; దానికోసం నాలుగు డిస్కులు వినడం, అందులోనూ ఒకే పాటను ఐదారు రూపాల్లో వినడం అందరికీ రుచించే పని కాదు. అయినా రికార్డు ప్రొడ్యూసర్ అనేవాడు ఏం చేస్తాడు, పేరు తెలియని వాద్యకారుడి వాటా ఎంత అన్న ప్రశ్నలు ఎప్పుడైనా మనసులో మెదిలినవారికి ఇంతకంటే సూటిగా జవాబు చెప్పే వస్తువు నాకు మరొకటి కనబడలేదు.

ముందుగా ప్రొడ్యూసర్ అన్న మాట గురించి ఒక్క వివరణ ఇవ్వాలి. మనకు ఆ మాట వినగానే డబ్బు పెట్టే నిర్మాత గుర్తుకు వస్తాడు. ఆ రోజుల అమెరికన్ పాప్ సంగీతంలో రికార్డు ప్రొడ్యూసర్ అంటే ఏ పాటను, ఏ స్టూడియోలో, ఎవరి చేత, ఎలాంటి నాదంతో రికార్డు చేయించాలో నిర్ణయించేవాడు. సినిమా భాషలో చెప్పాలంటే దర్శకుడికి దగ్గరివాడు. ఆ పదవికి ఒక ప్రత్యేకమైన వెలుగు తెచ్చిన ఫిల్ స్పెక్టర్ హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో గిటార్లు, పియానోలు రెండేసి మూడేసి చొప్పున ఒకేసారి వాయింపజేసి, ఆ నాదాన్నంతా అక్కడి ప్రతిధ్వని గదుల గుండా నడిపించి, ఏ వాద్యం ఏదో విడదీయలేని ముద్దగా చేసేవాడు. దానికే వాల్ ఆఫ్ సౌండ్ అని పేరు వచ్చింది. ఆ మనిషి చివరికి హత్య కేసులో 2009లో దోషిగా తేలి, శిక్ష అనుభవిస్తూనే 2021లో చనిపోయాడు; ఆ రికార్డులు ఇష్టంగా వినేవారెవరూ ఈ సంగతిని పక్కకు నెట్టి మాట్లాడలేరు, నెట్టకూడదు కూడా. 1963లో అతను చేయించిన ‘బీ మై బేబీ’ మొదట్లో హాల్ బ్లెయిన్ కొట్టిన డ్రమ్ముల దరువు విని మతిపోయినవారిలో బీచ్ బాయ్స్‌కు చెందిన బ్రయన్ విల్సన్ ఒకడు; మొదట్లో చెప్పిన ఆ కుర్ర గొంతు ఇతనిదే.

బ్రయన్ గురువుగా భావించినవాడి స్టూడియోకే వెళ్లాడు, ఆ వాద్యకారులనే పిలిపించుకున్నాడు, కాని నాదాన్ని ముద్ద మాత్రం చేయలేదు. ఈ పెట్టె వినేదాకా ఆ తేడా నాకు ఇంత స్పష్టంగా తెలియలేదు. 1964 డిసెంబరులో విమానంలో తీవ్రమైన ఆందోళనకు గురైన తర్వాత అతను బృందంతో ఊళ్లు తిరగడం మానేసి స్టూడియోకు పరిమితమయ్యాడు. 1966 జనవరిలో మిగతావారు జపాన్‌లో కచేరీలు చేస్తున్న సమయంలో అతను టోనీ ఆషర్ అనే రచయితతో కలిసి పాటలు కట్టి, వాద్యభాగాలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. అంటే పాడవలసినవాళ్లు ఊళ్లో లేరు. ఆ పాటల ఆర్కెస్ట్రా మాత్రం తయారవుతోంది. ఈ వాద్యభాగాన్ని వాళ్లు ట్రాక్ అంటారు. మన సినిమా పరిశ్రమలో ట్రాక్ పాడడం అంటే అసలు గాయకుడు వచ్చేదాకా ఇంకొకరు నమూనాగా పాడిపెట్టడం కనుక, ఈ సంకలనం వివరాలు చదివేటప్పుడు మనవాళ్లు కొంచెం తడబడవచ్చు.

పెట్టె అమరిక ఇలా ఉంది. మొదటి డిస్కులో ఆల్బమ్ మొత్తం స్టీరియోలో, అంటే నాదం రెండు స్పీకర్లకు విడిపోయి, ఉండి, ఆ తర్వాత సెషన్ల (రికార్డింగు జరిగిన పూటల) టేపులు మొదలవుతాయి. అవి రెండో డిస్కు పొడుగునా సాగుతాయి. మూడోదాంట్లో వాద్యాలు తీసేసి గొంతులు మాత్రమే ఉంచిన రూపాలు, వాడకుండా వదిలేసిన ప్రయత్నాలు ఉన్నాయి. నాలుగోది 1966లో జనం విన్న మోనో, అంటే నాదమంతా ఒక్కటిగా కలిసి వచ్చే, ఆల్బమ్. వీటిలో సెషన్ల టేపుల కోసమే ఈ పెట్టె కొనాలి. మిగతావాటి సంగతి తర్వాత చెబుతాను.

‘గాడ్ ఓన్లీ నోస్’ టేపు దగ్గర ఎవరైనా ఆగిపోవలసిందే. 1966 మార్చి 10న వెస్టర్న్ రికార్డర్స్ సంస్థలోని మూడో నంబరు స్టూడియోలో ఈ పాట వాద్యభాగం నడిచింది. అది పెద్ద హాలు కాదు. అందులో ఫ్రెంచ్ హార్న్, అకార్డియన్లు, ఫ్లూట్లు, వయొలిన్లు, కీబోర్డులు, బేస్ గిటార్లు, గంటలు, డ్రమ్ములు ఇరుక్కుని కూర్చున్నాయి. ఇంజినీరు చక్ బ్రిట్జ్. పాట నడుమ వచ్చే వాద్యఖండం ఎన్నిసార్లు వాయించినా అతకడం లేదు. స్వరాలను సాగదీసి వాయిస్తుంటే అది పాట నడకను వెనక్కు లాగుతోంది. అప్పుడు కీబోర్డు దగ్గర కూర్చున్న డాన్ రాండీ అదే ఖండాన్ని పొట్టి స్వరాలతో, తుంచి తుంచి వాయిస్తే ఎలా ఉంటుందని సూచించాడు. బ్రయన్ విన్నాడు, ఒప్పుకున్నాడు, అందరూ అలాగే వాయించారు. ఆ పాట తెలిసినవారందరికీ ఇప్పుడు గుర్తుండిపోయిన ఆ ఖండం, సెషన్ లెక్కన కూలి తీసుకునే ఒక వాద్యకారుడి నోటి నుంచి వచ్చిన ఆలోచన. రికార్డు మీద ఆ సంగతి ఎక్కడా లేదు. అట్ట మీద అతని పేరూ లేదు.

ఇందులో గమనించవలసింది ఇంకొకటి ఉంది. అప్పటికి బ్రయన్ విల్సన్ వయసు ఇరవై మూడేళ్లు. డ్రమ్ముల దగ్గర ఉన్న హాల్ బ్లెయిన్‌కు ముప్పై ఏడు. ఈ ఆల్బమ్‌కు గిటార్ వాయించినవారిలో ఒకరైన బార్నీ కెసెల్ 1923లో పుట్టినవాడు, చార్లీ పార్కర్ వంటి జాజ్ మహానుభావుల పక్కన వాయించినవాడు. అలాంటివారికి ఒక కుర్రవాడు మైకులోంచి తప్పులు చెప్పి, మళ్లీ వాయించమంటున్నాడు. అతని గొంతులో అధికారం ఉంది, అహంకారం లేదు. చిరాకు అప్పుడప్పుడు తొంగిచూస్తుంది గాని నిలవదు. వాళ్లూ అంతే. ఒక్కరైనా విసుక్కున్న జాడ నాకు ఈ టేపుల్లో దొరకలేదు. మా ఇంట్లో ఇది విన్న ఒక పెద్దాయన, నాటకసమాజంలో హార్మోనియం వాయించి తలపండినవారు, “వాడికి ఏం కావాలో వాడికి తెలుసయ్యా, అందుకే వాళ్లు మాట వింటున్నారు” అన్నారు. ఇంగ్లీషు ఆయనకు అంతగా రాదు. టేపు నడక విని అన్న మాట అది.

మంద్రస్వరాలు పలికే బేస్ వాద్యం విషయానికి వస్తే, ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే కనుక కొంచెం ఎక్కువ రాస్తే పాఠకులు మన్నించాలి. పాప్ పాటలో సాధారణంగా బేస్ పైన ఒకేసారి పలికే స్వరాల మేళానికి, అంటే కార్డ్‌కు, ఆధారమైన స్వరాన్నే పట్టుకుని నడుస్తుంది. మన శ్రుతిపెట్టెలో షడ్జమం ఉన్నట్టు అది అడుగున స్థిరంగా ఉంటుంది. బ్రయన్ రాసిన బేస్ అలా కూర్చోదు. పైన ఒక మేళం నడుస్తుంటే అడుగున ఆధారస్వరానికి బదులు పంచమమో, గాంధారమో పలుకుతుంది. అందుకే ఆ పాటలు వింటుంటే కాలు పూర్తిగా నేలకు ఆననట్టు, ఇంకా ఎక్కడికో చేరవలసి ఉన్నట్టు అనిపిస్తుంది. గొంతులు తీసేసిన ట్రాకుల్లో ఈ సంగతి పట్టపగలులా కనబడుతుంది. దాన్ని వాయించినవారిలో ముఖ్యురాలు కేరల్ కే. 1935లో పుట్టిన ఆమె జాజ్ గిటారిస్టుగా మొదలై, 1963లో ఒక సెషన్‌కు రావలసిన బేస్ వాద్యకారుడు రాకపోవడంతో ఆ వాద్యం చేతికి తీసుకుని అక్కడే స్థిరపడింది. వేలితో కాకుండా పిక్ అనే చిన్న బిళ్లతో మీటడం వల్ల ఆమె స్వరం గట్టిగా, అంచులు తేలి వినిపిస్తుంది. చాలా పాటల్లో ఆమెకు తోడుగా లైల్ రిట్జ్ నిలబెట్టి వాయించే పెద్ద కట్టె బేస్ వాయించాడు. అతను చిన్న గిటార్ వంటి యుకులేలే మీద జాజ్ వాయించి పేరు తెచ్చుకున్నవాడు కూడా. ఒకరిది మీటులోని స్పష్టత, ఇంకొకరిది కట్టెలోంచి వచ్చే గాంభీర్యం. రెండూ కలిస్తే వచ్చే నాదాన్ని ఒక్క వాద్యమనే ఇన్నేళ్లూ అనుకున్నాను. రెండని చెవికి తెలిసింది ఈ పెట్టె పుణ్యాననే.

‘కేరొలైన్, నో’ మొదట్లో వచ్చే ఆ బోలు మోత ఏ వాద్యానిదని నేను చాలా కాలం తర్కించుకునేవాణ్ణి. అది వాద్యం కాదు. ఆఫీసుల్లో మంచినీళ్ల కోసం పెట్టే స్పార్కిలెట్స్ కంపెనీ పెద్ద సీసాను బోర్లించి హాల్ బ్లెయిన్ కొట్టిన దెబ్బ. ఆల్బమ్ పేరే పెట్టుకున్న వాద్యగీతంలో కోకాకోలా డబ్బాల చప్పుడు ఉంది. ‘యూ స్టిల్ బిలీవ్ ఇన్ మీ’లో సైకిలు గంట, సైకిలు హారన్ ఉన్నాయి, దాని ఆరంభంలో పియానో మూత ఎత్తి తీగలను నేరుగా మీటారు. ‘ఐ జస్ట్ వాజ్‌న్ట్ మేడ్ ఫర్ దీజ్ టైమ్స్’లో పాల్ టానర్ వాయించిన ఎలక్ట్రో-థెరమిన్ అనే విద్యుత్ వాద్యం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోతుంది, గమకానికి అలవాటుపడిన మన చెవులకు అది ఇట్టే దగ్గరవుతుంది. టానర్ అంతకుముందు గ్లెన్ మిల్లర్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించినవాడు. ఇవన్నీ పుస్తకాల్లో చదివినప్పుడు చిత్రమైన విశేషాల్లా ఉంటాయి. టేపులో విన్నప్పుడు మాత్రం వాటి వెనుక ఉన్న పని కనిపిస్తుంది: చప్పుడు మరీ గట్టిగా ఉందా, మరీ ముందుకు వస్తోందా, మైకుకు ఎంత దూరంలో ఉండాలి అన్న బేరసారాలు.

ఇక్కడే అభిమానుల మధ్య తెగని తగవు గురించి చెప్పుకోవాలి. ఈ వాద్యకారుల గుంపును ఇప్పుడు అందరూ రెకింగ్ క్రూ అంటున్నారు. ఆ పేరును లోకానికి ఎక్కించింది 1990లో హాల్ బ్లెయిన్ ప్రచురించిన జ్ఞాపకాల పుస్తకం. ఆ రోజుల్లో తమను ఎవరూ ఆ పేరుతో పిలవలేదని కేరల్ కే గట్టిగా వాదిస్తూ వచ్చింది. నా మట్టుకు ఆమె వైపే మొగ్గు. అదొక స్థిరమైన బృందం కాదు. ఒక్కో సెషన్‌కు పిలుపు అందినవారు వచ్చారు, మూడు గంటల లెక్కన యూనియన్ నిర్ణయించిన వేతనం తీసుకున్నారు, మధ్యాహ్నానికి ఇంకో స్టూడియోకు, ఇంకో బృందం పాటకు వెళ్లిపోయారు. ఒకే పేరు కింద చుట్టేస్తే మనకు గుర్తుపెట్టుకోవడం తేలిక గాని, ఒక్కొక్కరి పనితనం అందులో కరిగిపోతుంది. ఈ పెట్టెతో వచ్చే వివరణల్లో ఏ పాటకు, ఏ తేదీన, ఎవరెవరు వాయించారో విడివిడిగా పేర్లు ఇచ్చారు. 1966 నాటి అట్ట చేయని పని అది. ఆ రోజుల్లో డెట్రాయిట్ పరిస్థితీ ఇంతే. అక్కడి మోటౌన్ రికార్డు సంస్థ తన వాద్యకారుల పేర్లను ఆల్బమ్ అట్ట మీద ముద్రించడానికి 1971లో మార్విన్ గే తెచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా ఆగవలసి వచ్చింది.

తగవులో రెండో సగం ఇంకా ఘాటైనది: అసలు బీచ్ బాయ్స్ ఈ రికార్డులో ఏమీ వాయించలేదా? సెషన్ కళాకారుల కథ ప్రచారంలోకి వచ్చిన తర్వాత కొందరు అభిమానులు ఒక కొస నుంచి రెండో కొసకు గెంతారు. ముందు అంతా బృందమే వాయించిందనుకున్నవారు, ఇప్పుడు బృందం గొంతులు తప్ప ఏమీ ఇవ్వలేదంటున్నారు. ‘దట్స్ నాట్ మీ’ టేపు విన్నవారు ఆ మాట అనలేరు. ఆ పాటలో డ్రమ్ములు బ్రయన్ తమ్ముడు డెన్నిస్ విల్సన్‌వి, గిటార్ ఇంకో తమ్ముడు కార్ల్ విల్సన్‌ది, ఆర్గన్ బ్రయన్‌దే. ఇంట్లో అన్నదమ్ములు కూర్చుని వాయించుకున్నట్టు పలుచగా, హాయిగా ఉంటుంది. కార్ల్ మిగతా కొన్ని సెషన్లలోనూ ఆ పెద్దవాద్యకారుల పక్కన కూర్చుని వాయించాడు. 1965లో బర్డ్స్ బృందం తొలి విజయగీతంలో ఆ బృందం నుంచి రోజర్ మెగ్విన్ ఒక్కడే గిటార్ వాయించాడన్నది, మిగతా వాద్యమంతా ఈ సెషన్ కళాకారులదేనన్నది నిజం. కాని ఒక పాట విషయంలో నిజమైనది అన్ని పాటలకూ అంటగట్టడం న్యాయం కాదు.

ఇదంతా వింటుంటే మద్రాసు గుర్తుకు రాకుండా ఉండదు. అరవైలలో మన పాటలు కూడా వాద్యబృందమూ, గాయకులూ ఒకేసారి, ఒకే చోట ఉండగా రికార్డయ్యేవి; చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టవలసిందే. గ్రామఫోను రికార్డు మీద చిత్రం పేరు, గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. ఆ పాటకు ప్రాణం పోసిన సితార్, క్లారినెట్ ఎవరివో మనలో ఎందరికి తెలుసు? ఆ వాద్యకారుల వరుస నుంచి లేచి వచ్చినవారి పేర్లు మాత్రం తెలుసు: జి.కె.వెంకటేశ్ దగ్గర గిటార్ వాయించి, సహాయకుడిగా పనిచేసిన ఇళయరాజా; రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రెహమాన్. లాస్ ఏంజెలెస్ వరుస నుంచి అలా లేచినవారు గ్లెన్ కాంబెల్, లియన్ రసెల్. ఇక్కడ బాంజో వాయిస్తూ వినిపించే కాంబెల్ మరి రెండేళ్లకు దేశమంతా ఎరిగిన గాయకుడయ్యాడు. తేడా ఒక్కటే. అక్కడ ఆ సెషన్ టేపులు చెరపకుండా దాచారు. మన పెండ్యాలవారో, సాలూరివారో వాద్యబృందాన్ని ఆపి, ఆ బిట్ ఇలా కాదని నోటితో పాడి వినిపించిన గొంతు ఒక్క ఐదు నిమిషాలు వినగలిగితే ఎంత బాగుండును.

ఇక స్టీరియో సంగతి. 1997లో ఈ పెట్టెకు జరిగిన ప్రచారమంతా దాని చుట్టూనే తిరిగింది, ఎందుకంటే ఈ ఆల్బమ్‌కు అసలైన స్టీరియో రూపం రావడం అదే మొదటిసారి. బ్రయన్‌కు కుడి చెవి దాదాపు వినబడేది కాదు. అతను మోనోలోనే ఆలోచించాడు, మోనోలోనే ముగించాడు. వాద్యాలన్నిటినీ మొదట ఒక టేపు మీద రికార్డు చేసి, దాన్ని మోనోగా కుదించి ఇంకో టేపులో ఒక్క ట్రాక్‌కు ఎక్కించి, మిగిలిన ట్రాకుల్లో గొంతులు నింపేవాడు (ఇక్కడ ట్రాక్ అంటే టేపు మీద విడిగా రికార్డు చేసుకునే ఒక్కో పట్టీ). ఎనిమిది ట్రాకుల యంత్రం ఉన్న కొలంబియా స్టూడియోలో అయితే వాద్యాలకు ఒకటి పోను గొంతులకు ఏడు మిగిలేవి. మార్క్ లినెట్ అనే ఇంజినీరు కంప్యూటరు సాయంతో మొదటి టేపులోని వాద్యాలను, రెండో టేపులోని గొంతులను క్షణం కూడా తేడా రాకుండా జోడించి ఈ స్టీరియోను తయారుచేశాడు. పనితనం అసాధారణమని ఒప్పుకోక తప్పదు. ఇంతకాలం వినబడని ఒక ఫ్లూట్, ఒక గిటార్ మూల నుంచి బయటికి వస్తాయి.

అయినా నాకు అది పూర్తిగా నచ్చలేదు. పులుసులో ఉల్లిపాయ వేరు, బెల్లం వేరు, చింతపండు వేరు చేసి మూడు గిన్నెల్లో పెట్టినట్టు ఉంది. అకార్డియన్, ఆర్గన్ కలిసి మూడోదేదో వాద్యంలా వినబడాలని బ్రయన్ పడ్డ పాట్లు సెషన్ టేపుల్లో విన్న వెంటనే, ఆ రెండూ చెరో స్పీకరులో కూర్చుని పలకడం వింటే ఆ శ్రమను విప్పేసినట్టు అనిపిస్తుంది. పైగా అన్ని భాగాలకూ మూలపు టేపులు దొరకలేదు. ‘వుడ్‌న్ట్ ఇట్ బీ నైస్’ నడిమి చరణంలో బృందంలోని మైక్ లవ్ పాడిన ముక్క లేక, ఇక్కడ బ్రయన్ గొంతే పెట్టారు. ముప్పై ఏళ్లుగా విన్నవారికి అది పంటికింద రాయిలా తగులుతుంది. ‘హియర్ టుడే’ వాద్యఖండం వెనుక, మోనో రూపంలో, స్టూడియోలో ఎవరో మాట్లాడుకుంటున్న మాటలు లీలగా వినిపిస్తాయి. అది పొరపాటే. స్టీరియోలో ఆ మాటలు లేవు. తప్పు దిద్దినందుకు అభిమానులు కోపగించుకోవడం లోకానికి వింతగా ఉంటుందేమో గాని, నేనూ ఆ కోపగించుకున్నవారిలోనే ఉన్నాను.

మూడో డిస్కు విషయంలో నా అభిప్రాయం మిశ్రమం. వాద్యాలు తీసేసిన గొంతుల సామరస్యం మొదటి రెండు పాటల దాకా ఒళ్లు జలదరింపజేస్తుంది; వరుసగా ఆల్బమంతా అలాగే వింటే చెవి అలసిపోతుంది. వదిలేసిన ప్రయత్నాల్లో ‘గాడ్ ఓన్లీ నోస్’కు నడుమ శాక్సఫోన్ పెట్టి చూసిన రూపం తప్పక వినాలి, అది చెడ్డగా లేదు, కాని తీసేసి మంచిపని చేశాడని తెలుస్తుంది. ‘కేరొలైన్, నో’ను రికార్డయిన అసలు వేగంలో వినిపించారు. విడుదలైన రూపంలో టేపు వేగం పెంచి శ్రుతిని అరమెట్టు ఎక్కించారు. అసలు వేగంలో అదే గొంతు కొంచెం బరువుగా, వయసు మళ్లినట్టు ఉంటుంది. ఈ రెండిటిలో ఏది మేలన్న ప్రశ్న నాకింకా తేలలేదు. బ్రయన్ కుక్కలు బనానా, లూయీ స్టూడియోలో మొరిగిన టేపు కూడా ఇచ్చారు. ఒకసారి వింటే చాలు.

పెట్టెతో వచ్చిన పుస్తకం డేవిడ్ లీఫ్ కూర్చినది. బ్రయన్‌తో పాటు వాద్యకారుల, ఇంజినీర్ల మాటలు విస్తారంగా ఉన్నాయి, అందువల్ల టేపులో పేరు పెట్టి పిలిచిన మనిషి ఎవరో పేజీ తిప్పి తెలుసుకోవచ్చు. అక్షరాలు మాత్రం చిన్నవి. నా వంటి కళ్లజోడు వారికి రాత్రిపూట చదవడం కష్టం. పొగడ్త పాలు కూడా కాస్త ఎక్కువే. ప్రతి ఒక్కరూ బ్రయన్‌ను మేధావి అన్నవారే గాని, ఫలానా రోజు ఫలానా చోట అతను పొరబడ్డాడని చెప్పినవారు అరుదు. టేపులు ఆ విషయంలో పుస్తకం కంటే నిజాయతీగా ఉన్నాయి: అతను మనసు మార్చుకోవడం, వెనక్కు తగ్గడం, ఇంకొకరి మాట తీసుకోవడం అన్నీ వినబడతాయి.

కొనదలచినవారికి ఒక సూచన. 2016లో ఆల్బమ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఇంకో పెద్ద సంచిక వచ్చింది. 1997 నాటి సరుకులో చాలా భాగం అందులో ఉంది, పైగా కచేరీల్లో పాడిన రూపాలు కొన్ని, బ్లూ-రే డిస్కు చేర్చారు. పాత పెట్టె మీద ప్రత్యేకమైన మమకారం లేనివారికి అది చాలు. వినే క్రమం విషయంలో మాత్రం పెట్టెలో ఉన్న వరుసను పాటించవద్దు. ముందుగా నాలుగో డిస్కు, అంటే మోనో ఆల్బమ్, రెండు మూడు సార్లు విని పాటలు నోటికి వచ్చాక సెషన్ల టేపులకు వెళ్లాలి. లేకపోతే ఏ పాట కోసం ఇంత పాటుపడుతున్నారో తెలియక, మా మేనల్లుడు అన్నట్టు మాటలే మిగులుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం మంచిది. కుర్చీల కిర్రు, కాగితాల గలగల, ఒక టేక్ ముగిశాక ఎవరో నవ్వాపుకోలేక నవ్విన నవ్వు స్పీకర్లలో సగం పోతాయి.

మొన్న ఫోన్‌లో వాడు వచ్చే సంక్రాంతికి ఏం తెమ్మంటావని అడిగాడు. 1991లో వచ్చిన స్పెక్టర్ నాలుగు డిస్కుల పెట్టె ‘బ్యాక్ టు మోనో’ ఆ అంగడిలోనే కనబడితే అట్ట చిరిగినా ఫరవాలేదు, తీసుకురమ్మన్నాను.